సుపేలా నుంచి విశాఖ ఎంత దూరం?

ఆదివారం నాడు సుపేలా సంతలో కూరగాయల రాశుల నడుమ నడిచేవారికి తెలుగు వినిపించకుండా ఉండదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, భిలాయి ఉక్కు కర్మాగారపు సెక్టార్లకు ఉత్తరాన, రైలుకట్టకు ఆవలి పక్కన, జి.ఇ. రోడ్డును ఆనుకొని పెరిగిన బజారు అది. ఒకనాడు పల్లె, నేడు నగరంలో భాగం. బేరం హిందీలో సాగుతుంది. గంప ఎత్తుకొన్నాక ఇంటివారితో మాట మాత్రం శ్రీకాకుళపు యాసలోకి జారిపోతుంది. ఆ మాట్లాడేవారిని విశాఖపట్నం ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లలో జవాబు చెప్పేవారు అరుదు. రాత్రి బండి ఎక్కి తెల్లవారి దిగడమే ఎరిగిన వృద్ధులు “ఒక రాత్రి” అంటారు. “ఎనిమిది గంటలు” అంటారు కొత్త రైలు చూసినవారు. విమానం ఎక్కిన కుర్రవాడు “గంట” అంటాడు.

ముగ్గురు చెప్పినదీ నిజమే. దూరాన్ని కాలంతో కొలవడం తెలుగువారికి కొత్త కాదు. నాలుగు క్రోసులు ఒక ఆమడ అని లెక్క ఉన్నా, పల్లెల్లో దారి అడిగినవాడికి “పూట నడక” అనో, “రెండు మజిలీలు” అనో చెప్పేవారు. కొండదారిలో ఆమడకూ, మైదానంలో ఆమడకూ పట్టే వేళ వేరని వారికి తెలుసు. కాలు నొచ్చేది కాలాన్ని బట్టే కాని కొలతను బట్టి కాదు గదా! విమానాల కాలంలో ఈ పాత పద్ధతే తిరిగి రాజ్యమేలుతున్నది. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. విమానం చెప్పే “గంట” ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

దారం లాగి చూస్తే

ముందుగా భూగోళం మీద దారం లాగి చూడాలి. భిలాయి సుమారు 21 డిగ్రీల 11 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. విశాఖ 17 డిగ్రీల 43 నిమిషాల మీద. ఒక అక్షాంశపు డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. ఆ లెక్కన విశాఖ భిలాయికి దక్షిణంగా 385 కిలోమీటర్ల దిగువన ఉన్నది. రేఖాంశాల తేడా రెండు డిగ్రీల లోపే; అది తూర్పుగా మరో 195 కిలోమీటర్లు. బడిలో నేర్చిన లంబకోణ త్రిభుజం గుర్తున్నవారు ఎవరైనా కర్ణం కట్టుకోవచ్చు: సుమారు 430 కిలోమీటర్లు. రెండు ఊళ్ళ మధ్య ఇంతకంటె తక్కువ దూరం లేదు.

ఈ గీత కిందుగా మరో అదృశ్యరేఖ పోతున్నది. భారతదేశపు గడియారాలన్నింటినీ నడిపే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం భిలాయికీ విశాఖకూ నడుమనే ఉన్నది. రైలులో వెళ్ళేవారు ఒడిశాలోని ఖరియార్ రోడ్ పరిసరాల్లో దానిని దాటుతారు. ఒక్కొక్క డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు తీసుకొంటాడు. అందువల్ల గడియారంలో వేళ ఒకటే అయినా, విశాఖలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన ఏడున్నర నిమిషాలకు గాని భిలాయిలో రాడు. ఎనిమిది గంటలు రైలులో కూర్చొని వచ్చినవాడు తనకు తెలియకుండానే సూర్యునికి ఏడున్నర నిమిషాలు ఎదురు వెళ్ళినవాడవుతాడు.

భిలాయికి ఉత్తరాన నందినిలో చిన్న విమానపట్టీ ఉన్నది గాని, టిక్కెట్టు కొని ఎక్కే విమానాలు అక్కడ దిగవు. విమానం కావాలంటే రాయపూరు అవతల మానా దగ్గర ఉన్న స్వామి వివేకానంద విమానాశ్రయానికి పోవాలి. సుపేలా నుంచి అది దాదాపు 45 కిలోమీటర్లు. అక్కడినుంచి విశాఖకు సరళరేఖలో సుమారు 415 కిలోమీటర్లు. పటం మీద ఈ రేఖ గీస్తే అది నవరంగపూర్, కొరాపుట్ మీదుగా వచ్చి, అరకు కొండలను ఒరుసుకొంటూ సముద్రం వైపు దిగుతుంది. నిజమైన విమానం నియంత్రణాధికారులు చెప్పిన బాటలో పోతుంది కనుక ఆ రేఖకు కొంచెం అటూ ఇటూ ఒరుగుతుంది.

ఎయిర్‌బస్ వంటి జెట్ విమానం పైకి చేరాక గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ వేగంతో 415 కిలోమీటర్లకు సరిగ్గా అరగంట పట్టాలి. పట్టదు. ఎత్తుకు ఎక్కడానికి ఇంచుమించు ఇరవై నిమిషాలు, దిగడానికి మరో ఇరవై నిమిషాలు పోగా, ఇంత చిన్న ప్రయాణంలో నిండు వేగంతో నిలకడగా సాగేది పది నిమిషాలుంటే గొప్ప. అందుకే గాలిలో ఉండేది యాభై నిమిషాలు. మరి కాలపట్టికలో గంటా పది, గంటా పదిహేను అని ఎందుకు వేస్తారు? విమానాల వారి లెక్క చక్రాల కింది అడ్డుకట్టెలు తీసిన క్షణాన మొదలై, మళ్ళీ అడ్డుకట్టెలు పెట్టిన క్షణాన ముగుస్తుంది. రన్‌వే దాకా దొర్లడం, ముందున్న విమానం లేచేవరకు ఆగడం, దిగిన తరువాత నిలిచే చోటు వెతుక్కోవడం, అన్నీ అందులోనే. అరగంటలో దాటవలసిన ఆకాశం గంటంపావు అయ్యేది ఇక్కడే. పంకాలతో ఎగిరే చిన్న ఏ.టి.ఆర్. విమానం వేగం జెట్ వేగంలో మూడింట రెండు వంతులకు మించదు. అయినా ఈ దూరానికి అది పది పదిహేను నిమిషాలే వెనుకబడుతుంది. పొట్టి ప్రయాణంలో వేగానికి విలువ తక్కువ.

గాలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు ఉత్తర దక్షిణాలుగా సాగే రాయపూరు–విశాఖ విమానానికి ప్రక్కవాటుగానే తగులుతాయి. రాకకూ పోకకూ పెద్ద తేడా తేవు. దూరప్రయాణాల్లో వాటి ప్రతాపం వేరు. ఎయిర్ ఇండియా వారు 2016 అక్టోబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా నడిపారు. దారి 13,900 కిలోమీటర్ల నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. వెనుకగాలి తోయడంతో ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసి, రెండు గంటల దాకా కలిసివచ్చింది. 2021 జనవరిలో అదే నగరం నుంచి బెంగళూరుకు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి మొదలైన మహిళా పైలట్లు ఉత్తరధ్రువం మీదుగా విమానం తెచ్చారు. రెండు నగరాల మధ్య సరళరేఖ 13,993 కిలోమీటర్లు. పట్టిన కాలం పదిహేడు గంటల పైచిలుకు. అంటే ధ్రువం దాటి వచ్చే విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వంతున భూమిని మింగుతుంటే, రాయపూరు–విశాఖ విమానం కాలపట్టిక ప్రకారం మూడు వందల యాభై కూడా దాటదు. భిలాయిలో పుట్టి అమెరికాలో ఉద్యోగం చేసే కుమారుడు కిలోమీటరుకు ఖర్చు చేసే కాలం, విశాఖకు విమానంలో వెళ్ళే తండ్రి ఖర్చు చేసేదానిలో సగానికి తక్కువ!

పట్టాలు వేసింది ఎవరికోసం?

రైలు లెక్క వేరు. దుర్గ్ నుంచి విశాఖకు పట్టాల మీద సుమారు 565 కిలోమీటర్లు. సరళరేఖ కంటె నూటముప్పై కిలోమీటర్లు అధికం. దారి రాయపూరు దాటాక తిన్నగా దక్షిణానికి దిగదు. తూర్పుగా మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబంజీ మీదుగా టిట్లాగఢ్ చేరి, అక్కడ మలుపు తిరిగి కేసింగ, రాయగడల మీదుగా కొండల సందుల్లో దూరి, పార్వతీపురం వద్ద తెలుగునేల మీద అడుగుపెడుతుంది. అటుపైన బొబ్బిలి, విజయనగరం, విశాఖ. తూర్పు కనుమలకు అడ్డం పడి పోవడం నాటి ఇంజనీర్లకు అసాధ్యం కాకపోయినా లాభసాటి కాదు. ఆ కనుమలను నిజంగా ఎక్కిన రైలుమార్గం కొత్తవలస–కిరండూల్ దారి. అది 1960ల నాటిది. బైలడిల్లా ఇనుపరాయిని జపాను ఓడలకు చేర్చడానికి పదుల సొరంగాలు తొలిచి, శిమిలిగుడ వద్ద వెయ్యి మీటర్ల ఎత్తు దాకా పట్టాలు ఎక్కించారు.

విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 79 కిలోమీటర్ల దారి 1908–09లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి చేతుల మీదుగా తెరుచుకొన్నది. పార్వతీపురం నుంచి రాయపూరు దాకా మిగిలిన దారి పూర్తయ్యేసరికి 1931 వచ్చింది. ఆ ఆలస్యానికీ, ఆ తరువాతి తొందరకూ కారణం సముద్రం ఒడ్డున ఉన్నది. మధ్యపరగణాల ఖనిజాలకు, ముఖ్యంగా మాంగనీసుకు, దగ్గర రేవు కావాలి. విశాఖలో రేవు తవ్వుతున్నారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ ఆ రేవులోకి ప్రవేశించిన తొలి ఓడ అయింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా తెరిచాడు. రాయపూరు దారి ఆ రేవుకు రెండేళ్ళ ముందే సిద్ధమై కూర్చొన్నది. మనుషుల ప్రయాణం నాటి లెక్కల్లో రెండవ మాట. రాళ్ళు సముద్రానికి దిగాలి, అంతే.

పాతికేళ్ళు గడవకముందే ఆ దారి ఇంకొక పనికి వచ్చింది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారానికి భిలాయిని ఎన్నుకొన్నారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. పునాదులు తవ్వడానికి, మట్టి మోయడానికి, ఇనుపదూలాలు బిగించడానికి వేల చేతులు కావలసి వచ్చాయి. ఉత్తరాంధ్ర పల్లెలకు వలస కొత్త కాదు. అంతకు పూర్వం రంగూను పోయినవారున్నారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, టాటానగర్ కొలుముల వద్ద కుదురుకొన్నవారున్నారు. ఈసారి రైలు తమ ఊరి పక్కనే ఆగుతున్నది. బొబ్బిలిలోనో పార్వతీపురంలోనో బండి ఎక్కితే పట్టాలు మారనక్కరలేకుండా రాయపూరు. రాళ్ళు కిందికి రావడానికి వేసిన దారిలో మనుషులు పైకి వెళ్ళారు.

ఖుర్సీపార్‌లో, సుపేలాలో, సెక్టార్లలో తెలుగు ఇళ్ళు వెలిశాయి. సెక్టార్ 5లో బాలాజీ మందిరం వెలసింది. దాని బాగోగులు ఆంధ్ర సాహిత్య సమితి చూస్తున్నది. కర్మాగారంలో నౌకరీ దొరికినవారు కంపెనీ క్వార్టర్లలో చేరారు. దొరకనివారు కాంట్రాక్టు పనుల్లో, తోపుడుబళ్ళ మీద, దుకాణాల్లో నిలదొక్కుకొన్నారు. కంపెనీ ఇల్లు పదవీ విరమణతో చేయి జారుతుంది. అప్పుడు సొంత గూడు వెతుక్కొన్నవారిలో కొందరు స్వగ్రామం పోలేదు. సుపేలా చుట్టుపక్కల కాలనీల్లోనే జాగా కొనుక్కొన్నారు. పిల్లలు హిందీలో చదివారు, ఇక్కడే పెళ్ళిళ్ళయ్యాయి. అయినా “ఊరు” అన్న మాటకు వారింట్లో ఒకటే అర్థం. అది అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

భిలాయిలో 1960 నుంచి తయారవుతున్న వస్తువుల్లో రైలుపట్టాలు ముఖ్యమైనవి. భారత రైల్వేలకు పట్టాలు అందించడంలో ఆ కర్మాగారానిదే పెద్ద వాటా. ఊరికి వెళ్ళే బండి కింద ఉన్న పట్టా తమ మిల్లులో సాగదీసినదేమోనన్న ఊహ అక్కడి కార్మికునికి కలగకపోతేనే వింత. ఎదురుగా వచ్చే గూడ్సులో ఆస్ట్రేలియా బొగ్గు ఉంటుంది. విశాఖ, గంగవరం రేవుల్లో దిగి ఇదే దారిన భిలాయి కొలిమికి పోయే బొగ్గు అది.

కబురు ముందు, మనిషి వెనుక

ఈ దూరం నిజంగా బరువనిపించేది పండుగ ప్రయాణంలో కాదు. సంక్రాంతికి రెండు నెలల ముందే బెర్తు ఖాయం చేసుకోవచ్చు. తెల్లవారుజామున ఫోను మోగి, ఊళ్ళో తల్లి పోయిందన్న మాట వినవచ్చినప్పుడు దూరం తెలుస్తుంది. పూర్వం ఆ కబురు తంతిలో వచ్చేది. దేశంలో తంతి సేవ 2013 జులైతో ముగిసింది. తంతి చేరేసరికే ఒక పూట గడిచేది, రైలు పట్టుకొని ఊరు చేరేసరికి మరునాడు. కొడుకు వచ్చేటప్పటికి చితి ఆరిపోయిన ఇళ్ళు ఆ తరంలో ఎన్నో. నేడు కబురు క్షణంలో వస్తున్నది. మనిషి మాత్రం అదే కొండల సందుల్లోంచి పోవాలి. ఊళ్ళల్లో ఫ్రీజరు పెట్టెలు అద్దెకు దొరకడం మొదలైనాక శవం ఒక రోజు ఆగగలుగుతున్నది. కడసారి చూపు దక్కుతుందా లేదా అన్నది ఇప్పుడు గంటల లెక్క.

ఆ గంటలను ఓపికగా కూడి చూడాలి. పోవలసిన ఊరు విశాఖ నగరమే అనుకొందాం. సుపేలా నుంచి మానా విమానాశ్రయానికి గంటంపావు, వేళకు గంటన్నర ముందు అక్కడ ఉండాలి, విమానం గంటంపావు, దిగి బయటపడడానికి అరగంట, ఇల్లు చేరడానికి మరో అరగంట. మొత్తం అయిదు గంటలు. రైలు సంగతి చూస్తే, దుర్గ్–విశాఖపట్నం వందే భారత్‌ను 2024 సెప్టెంబరు 16న ప్రధానమంత్రి ప్రారంభించారు. అప్పుడు ప్రకటించిన వేళల ప్రకారం అది ఉదయం 5 గంటల 45 నిమిషాలకు దుర్గ్‌లో బయలుదేరి మధ్యాహ్నం 1 గంట 45 నిమిషాలకు విశాఖ చేరుతుంది. సుపేలా నుంచి దుర్గ్‌కు పోవడం, విశాఖలో ఇల్లు చేరడం కలిపితే తొమ్మిది గంటలు దాటుతుంది. విమానానికి నాలుగు గంటల లాభం.

ఇక పార్వతీపురం దగ్గరి పల్లె అనుకొందాం. సుపేలా తెలుగువారిలో ఎందరికో అసలు “ఊరు” ఆ వైపే. విమానం దిగినవాడు విశాఖ నుంచి మళ్ళీ వెనక్కు, ఉత్తరంగా, దాదాపు నూటయాభై కిలోమీటర్లు రోడ్డున పోవాలి, మూడున్నర గంటలు. ఇల్లు చేరేసరికి ఎనిమిది గంటలు. రైలు ఎక్కినవాడో? పార్వతీపురం విశాఖకు 140 కిలోమీటర్ల ముందే వస్తుంది. వందే భారత్ అక్కడ ఆగుతుంది. పన్నెండు కొట్టకముందే దిగిపోతాడు. సుపేలాలో గుమ్మం దాటి ఏడు గంటలు కాకమునుపే తన స్టేషనులో ఉంటాడు. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు పోగల యంత్రం, సగటున ఇంచుమించు డెబ్బై పోయే రైలు చేతిలో ఓడిపోతున్నది. ఊరు దారిలో ఉన్నవాడికీ, దారి చివర ఉన్నవాడికీ ఒకే కాలపట్టిక రెండు విధాల వర్తిస్తుంది.

రైలుకూ లోపాలున్నాయి. ఆ బండి వారానికి ఆరు రోజులే. వేకువన అది వెళ్ళిపోయిన తరువాత కబురు అందితే, మిగిలేది పదకొండు పన్నెండు గంటలు తీసుకొనే మామూలు ఎక్స్‌ప్రెస్సులే. ఛార్జీ సంగతి చూస్తే వందే భారత్ కూలివాని బండి కాదు. జనరల్ పెట్టెలో టిక్కెట్టుకు రిజర్వేషను అక్కరలేదు, ధరా మారదు. నిలబడడానికి జాగా దొరికితే చాలు. విమానపు టిక్కెట్టు గుణం దీనికి సరిగా విరుద్ధం. నెల ముందు కొన్నవాడికి చవక. రేపే పోవాలన్నవాడికి, అంటే నిజంగా అవసరమున్నవాడికి, రెట్టింపో మూడింతలో. ఖాళీ సీటును చివరి నిమిషంలో ఎక్కువ ధరకు అమ్మడం వ్యాపారధర్మమే కావచ్చు. చావు కబురు విన్నవాడి వద్ద ఆ ధర్మం మొరటుగా కనబడుతుంది.

పైగా ఈ లెక్కంతా నేరు విమానం ఉన్న రోజుకే చెల్లుతుంది. రాయపూరు–విశాఖల మధ్య నేరుగా నడిచిన విమానాలు కొన్నాళ్ళు నడిచి ఆగిన సందర్భాలున్నాయి. నేరు విమానం లేనినాడు హైదరాబాదు చుట్టి రావాలి. రాయపూరు నుంచి హైదరాబాదుకు సుమారు 555 కిలోమీటర్లు, అక్కడినుంచి విశాఖకు సుమారు 510. అంటే 415 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి 1,065 కిలోమీటర్లు ఎగరాలి. నైరుతి మూలకు పోయి, మళ్ళీ తూర్పుకు తిరగాలి. రెండు విమానాలు, నడుమ రెండు గంటల నిరీక్షణ కలిపితే విశాఖవాసికి సైతం విమానం మిగిల్చేది ఏమీ ఉండదు. రైలూ, విమానమూ సరిసమానం. పార్వతీపురం వానికైతే చెప్పనే అక్కరలేదు.

నేరు విమానాలు నిలకడగా ఉండకపోవడానికి కారణం ప్రయాణికులు లేకపోవడం అని తేల్చేయడం సులభం. రైలు నిండా ప్రయాణికులే గదా! వారు రాయగడలో, పార్వతీపురంలో, బొబ్బిలిలో, విజయనగరంలో కొందరు కొందరుగా దిగిపోతారు. రైలు దారి పొడవునా జనాన్ని ఏరుకొంటూ, దింపుకొంటూ పోతుంది. విమానం రెండు కొసలనే కలుపుతుంది. చిన్న పట్టణాలను ఆకాశమార్గంలో కలపడానికి 2017లో మొదలైన ఉడాన్ పథకం కింద 2020 సెప్టెంబరులో రాయపూరు–జగదల్‌పూర్–హైదరాబాదు విమానం వచ్చింది. బస్తరుకు అది పెద్ద మేలు. పార్వతీపురానికి మాత్రం అటువంటి ఆశ లేదు. రైలు ఉన్న ఊరికి విమానం ఎందుకని ఎవరైనా అంటే కాదనడం కూడా కష్టమే.

గీతకు దగ్గరగా మరో దారి

రోడ్డు సంగతి మారబోతున్నది. రాయపూరు నుంచి విశాఖకు పాత దారి 597 కిలోమీటర్లు. బండికి పన్నెండు గంటలు. రాయపూరు సమీపాన అభన్‌పూర్ నుంచి విశాఖ దగ్గరి సబ్బవరం దాకా సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారిని నిర్మిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబరులో విశాఖలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పూర్తయితే ప్రయాణం అయిదు గంటలకు తగ్గుతుందని ప్రభుత్వం చెబుతున్నది. ధమ్తరి, కాంకేర్, కొండగావ్, నవరంగపూర్, కొరాపుట్ జిల్లాల మీదుగా వచ్చే ఈ దారిని పటం మీద గీస్తే, విమానానికి గీసిన సరళరేఖకు ఇంతవరకు నేల మీద వేసిన ఏ దారీ ఇంత దగ్గరగా రాలేదని తెలుస్తుంది. రైల్వే ఇంజనీర్లు 1931లో తప్పుకొన్న కొండలను నేటి యంత్రాలు సొరంగాలతో దూసుకొనిపోతున్నాయి. సాలూరు ప్రాంతానికి దీనివల్ల కలిసివస్తుంది. 1913లో బొబ్బిలి నుంచి చిన్న రైలుశాఖ వేసి వదిలేసిన ఊరు అది.

ఇక్కడా మొదటి మాట సరుకులదే. ఛత్తీస్‌గఢ్, ఒడిశా పరిశ్రమల సరుకు విశాఖ రేవుకు త్వరగా చేరడం ఈ రహదారి ప్రధానోద్దేశం. దల్లీ రాజహరా నుంచి రావ్‌ఘాట్ వైపు దక్షిణంగా సాగుతున్న రైలుమార్గానిదీ అదే కథ. దల్లీ రాజహరా గనుల్లో మంచి రాయి తరిగిపోతున్నందువల్ల భిలాయి కొలుములకు రావ్‌ఘాట్ ఖనిజం కావాలి. ఆ పనిమీద వేసిన పట్టాల మీదుగానే 2022లో అంతాగఢ్ దాకా ప్రయాణికుల బండి నడిచింది. ఆ మార్గం ముందుకు సాగి జగదల్‌పూర్‌ను అందుకొంటే, దుర్గ్‌లో ఎక్కినవాడు బస్తరు, కొరాపుట్, అరకుల మీదుగా విశాఖ దిగే కొత్త దారి ఏర్పడుతుంది. దూరం తగ్గినా, కొండదారి కనుక కాలం తగ్గుతుందని చెప్పలేం.

విశాఖ కొసన మరో మార్పు జరుగుతున్నది. దశాబ్దాలుగా నగరపు విమానాలు నౌకాదళపు స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగా పట్టీ మీదనే దిగుతూ వచ్చాయి. రక్షణ అవసరాలు తీరిన తరువాతనే ప్రయాణికుల వంతు. ఆ ఇబ్బంది తప్పించడానికి విజయనగరం జిల్లా భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయాన్ని తలపెట్టి, 2023 మే 3న శంకుస్థాపన చేశారు. అది విశాఖకు ఈశాన్యంగా సుమారు 45 కిలోమీటర్లు. విజయనగరానికి అందులో సగం దూరమే. రాయపూరు నుంచి ఎగిరే దూరంలో చెప్పుకోదగిన తేడా రాదు. నేలమీది లెక్క మాత్రం తారుమారవుతుంది. విశాఖ నడిబొడ్డుకు పోవలసినవాడికి దిగిన తరువాత పట్టే అరగంట ఇంకా పెరుగుతుంది. పార్వతీపురం పోవలసినవాడు నగరాన్ని తొక్కనవసరం లేకుండా విజయనగరం మీదుగా తిన్నగా పోవచ్చు. మూడున్నర గంటల రోడ్డు ప్రయాణంలో గంటదాకా తగ్గుతుంది. సుపేలా నుంచి అతని ప్రయాణం ఏడు గంటలవుతుంది. ఉదయపు రైలుకూ ఇంచుమించు అంతే పడుతున్నది.